స్పోర్ట్స్ కారు ఆర్డరు: రంగు, ఆప్షన్లు ఏ వరుసలో తేల్చుకోవాలి?

కారు కంపెనీ వెబ్‌సైటులో ఆప్షన్లు ఎంచుకునే పేజీని కాన్ఫిగరేటర్ అంటారు. అది తెరవగానే మొట్టమొదట అడిగేది రంగు. తర్వాత చక్రాలు, సీట్లు, కుట్టు దారాలు. ఛాసిస్ (కారు అడుగు చట్రం, సస్పెన్షన్), బ్రేకులు ఎక్కడో చివర్లో వస్తాయి. ఆ వరుసలోనే వెళ్తే కంటికి నచ్చినవాటికే డబ్బు చాలావరకు అయిపోతుంది. తీరా కారు నడకను మార్చే భాగాల దగ్గరికి వచ్చేసరికి చేయి వెనకాడుతుంది. అందుకే ఆ వరుసను తిరగేయాలి. కారు ఇంటికొచ్చాక బిగించుకోలేనివి ముందు తేల్చాలి. ఎప్పుడైనా మార్చుకోగలిగేవి చివరికి వదలాలి. రంగు వీటి మధ్యలో వస్తుంది. పెయింటును తర్వాత మార్చలేం, నిజమే. కానీ ఏ చక్రం, ఏ క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం), ఏ సీటు వస్తుందో తెలియకుండా రంగు ఖాయం చేస్తే ఆ తర్వాతి ఎంపికలన్నీ దానికి సర్దుబాట్లే అవుతాయి.

1. కారు ఏ పనికో ముందు రాసుకోండి

ఒక కాగితం తీసుకుని నాలుగు సంగతులు రాయండి. ఏడాదికి సుమారు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది? అందులో రేస్ ట్రాక్ మీద ఎన్ని రోజులు? కారు రాత్రిళ్లు కప్పు కింద ఉంటుందా, ఆరుబయటా? ఎన్నేళ్లు ఉంచుకోవాలని అనుకుంటున్నారు?

కింద వచ్చే దాదాపు ప్రతి నిర్ణయం ఈ నాలుగు జవాబుల మీదే ఆధారపడుతుంది. ఏడాదికి పది రోజులు ట్రాక్‌కు వెళ్లేవారికి మంచి ఆప్షన్ అయినది, వారాంతాల్లో దూరప్రయాణాలు చేసేవారికి బరువు చేటు కావచ్చు. జవాబులు ఊహించుకున్నవి కాకుండా నిజమైనవి అయి ఉండాలి. ‘ఎప్పుడో ట్రాక్‌కు వెళ్తానేమో’ అనుకుని రోల్ కేజ్ (కారు బోల్తా పడినా కాపాడే గొట్టాల చట్రం) పెట్టించుకున్నవారు రోజూ ఆ ఇనుప గొట్టాల మధ్యనుంచే వెనక్కి చూడాల్సి వస్తుంది.

2. తర్వాత బిగించలేనివాటి జాబితా

తర్వాత వేయించుకోవడం సాధ్యం కానివి, లేదా అయినా దండగ ఖర్చయ్యేవి ఇవి: వెనక చక్రాలు కూడా తిరిగే స్టీరింగ్, ముందు భాగాన్ని పైకెత్తే లిఫ్ట్, సర్దుకునే డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు), ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్ (రెండు పక్కల చక్రాలకు శక్తిని పంచేది), కార్బన్ సిరామిక్ బ్రేకులు, పైకప్పు రకం, గేర్‌బాక్సు, పెద్ద ఇంధన ట్యాంకు, రాడార్‌తో పనిచేసే క్రూజ్ కంట్రోల్. వీటి వెనక ప్రత్యేకమైన వైరింగు, కంట్రోల్ యూనిట్లు, కోడింగు ఉంటాయి. ఆ భాగం ఒక్కటి కొని తెచ్చి తగిలిస్తే సరిపోదు.

వెనక చక్రాల స్టీరింగ్ గురించి ఒక మాట. పోర్షే 911లో సుమారు 50 కిలోమీటర్ల వేగం లోపు వెనక చక్రాలు ముందు చక్రాలకు ఎదురు దిక్కుకు తిరుగుతాయి. అందువల్ల మలుపు చిన్నదవుతుంది. 80 దాటాక అవి అదే దిక్కుకు తిరుగుతాయి, కారు స్థిరంగా ఉంటుంది. ఇరుకు పార్కింగుల్లో తిప్పడానికీ, వేగంగా లేను మారడానికీ రెంటికీ ఇది పనికొస్తుంది. అరగంట నడిపితే తేడా చేతులకే తెలుస్తుంది. ఒకే ఒక్క ఛాసిస్ ఆప్షన్‌కు చోటుంటే చాలామందికి మా సలహా ఇదే.

ముందు లిఫ్ట్ విషయంలో మాత్రం మొహమాటం వద్దు. స్పీడ్ బ్రేకర్లు, ఏటవాలు ర్యాంపులు ఉన్న దారిలో కారు తిరిగేదైతే తప్పక పెట్టించుకోండి. బంపరు కింది పెదవి, అండర్ ట్రే (కారు అడుగున ఉండే పలక) గీసుకుపోతే అవి ఒక్కసారితో ఆగవు. షెవర్లే కార్వెట్ సీ8 లిఫ్ట్ ముందు భాగాన్ని సుమారు 40 మిల్లీమీటర్లు ఎత్తుతుంది. జీపీఎస్ సాయంతో 1000 చోట్లు గుర్తుపెట్టుకుని తనంతట తానే లేస్తుంది. గుర్తుపెట్టుకునే సౌకర్యం లేని కార్లలో ప్రతిసారీ మీటను మీరే నొక్కాలి. మరిచిపోయిన ఒక్కరోజే బంపరు తగులుతుంది. లిఫ్ట్ కోసం అదనంగా కొన్ని కిలోల బరువు, ఒక పంపు, గొట్టాలు వస్తాయి. పదేళ్లు ఉంచుకునే ఆలోచన ఉంటే ఆ భాగాల మరమ్మతు కూడా లెక్కలో పెట్టుకోండి.

పైకప్పు: బరువు కారులో ఎంత ఎత్తున ఉంటే అంత చేటు. గాజు సన్‌రూఫ్ బరువు సరిగ్గా అత్యంత ఎత్తైన చోటే కూర్చుంటుంది. పైగా తలపైన ఖాళీ తగ్గిస్తుంది. హెల్మెట్ పెట్టుకుంటే తలమీద ఇంకో 5 సెంటీమీటర్లదాకా కావాలి. ఎత్తైన మనిషికి సన్‌రూఫ్ ఉన్న కారులో హెల్మెట్ పైకప్పుకు తగలడం మామూలే. కార్బన్ కప్పు కోరుకుంటే నార కనబడేలా వదిలేస్తారా, బాడీ రంగు వేస్తారా అని అడగండి.

గేర్‌బాక్సు సంగతి ఎవరి మనసు వారిది. ఒక్క హెచ్చరిక: కొన్ని ఆప్షన్లు మాన్యువల్‌తోగానీ, డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్చుల ఆటోమేటిక్) గేర్‌బాక్సుతోగానీ ముడిపడి ఉంటాయి. దీన్ని ముందు ఖాయం చేయకపోతే అప్పటికే ఎంచుకున్న నాలుగు ఆప్షన్లు వాటంతటవే ఎగిరిపోతాయి.

3. బ్రేకులు, చక్రాలు, టైర్లు

ఎక్కువమంది తప్పులో కాలేసేది ఇక్కడే. కార్బన్ సిరామిక్ డిస్కులు అదే కొలత ఇనుప డిస్కుల బరువులో సుమారు సగమే ఉంటాయి. ఆ బరువు స్ప్రింగుల కింద తగ్గుతుంది కాబట్టి స్టీరింగ్ తేలికపడుతుంది, గతుకుల మీద చక్రం రోడ్డును వదలదు. తుప్పు పట్టవు. నల్లటి బ్రేకు దుమ్ము చాలా తక్కువ, కాబట్టి లేత రంగు చక్రాలు శుభ్రంగా ఉంటాయి. రోడ్డు మీద జాగ్రత్తగా వాడితే కారు ఉన్నన్నాళ్లూ నిలవగలవు.

ట్రాక్ మీద కథ వేరు. పదేపదే బాగా వేడెక్కితే డిస్కులోని కార్బన్ నార గాలిలో ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా కాలిపోతుంది. మందం తగ్గినట్టు కనబడదు, బరువు తగ్గుతుంది. అందుకే ఈ డిస్కుల మధ్య భాగంలో కనీస బరువు చెక్కి ఉంటుంది. అరుగుదలను తూచిగానీ, ప్రత్యేక పరికరంతోగానీ చూడాలి. కొత్త డిస్కుల ఖర్చు గుండె గుభిల్లుమనిపిస్తుంది. అందువల్ల తరచూ ట్రాక్‌కు వెళ్లేవారిలో చాలామంది ఇనుప డిస్కులే పెట్టించుకుని, డిస్కులు, ప్యాడ్లు అరిగినప్పుడల్లా మార్చుకుంటారు. పోర్షే 911లో ట్రాక్ కోసం పదునుపెట్టిన రకం జీటీ3. దాని 992 తరంలో ఇనుప డిస్కులు ముందు 408, వెనక 380 మిల్లీమీటర్లు. సిరామిక్‌వి 410, 390. కొలతలో తేడా నామమాత్రం, ఆపే శక్తిలో ఇనుము వెనకబడి ఏమీ లేదు.

సిరామిక్ తీసుకుంటే ఇంకో జాగ్రత్త. చక్రం విప్పేటప్పుడు, బిగించేటప్పుడు రిమ్ము డిస్కు అంచుకు తగిలితే అది పెచ్చు లేస్తుంది. అందుకే గైడ్ పిన్నులు బిగించి, వాటి మీదుగా చక్రాన్ని జరపాలి. పంక్చరు వేసే ప్రతి చోటా ఆ జాగ్రత్త తీసుకోరు. పిన్నులు కారుతోనే వస్తాయా, విడిగా ఆర్డరు చేయాలా అని అడిగి తెలుసుకోండి.

చక్రాల్లో నాలుగు ప్రశ్నలు: వ్యాసం, పదార్థం, బిగింపు, రంగు. వ్యాసం పెరిగేకొద్దీ టైరు పక్క గోడ పలచనవుతుంది, గుంతలో పడితే రిమ్ము వంగే ప్రమాదం పెరుగుతుంది. రోడ్లు బాగాలేని చోట ఒక సైజు చిన్న చక్రమే మేలు. అయితే సిరామిక్ బ్రేకుల పెద్ద క్యాలిపర్లు చిన్న చక్రంలో పట్టకపోవచ్చు, కాన్ఫిగరేటర్ ఒప్పుకుంటుందో లేదో చూడాలి. పదార్థంలో ఫోర్జ్‌డ్ (గట్టిగా నొక్కి మలిచిన) అల్యూమినియం మధ్యేమార్గం. మెగ్నీషియం ఇంకా తేలిక. జీటీ3 కంటే ఇంకా పదునైన 992 జీటీ3 ఆర్ఎస్‌లో మెగ్నీషియం చక్రాలవల్ల సుమారు 8 కిలోలు తగ్గుతుంది. కానీ రాయి తగిలి పూత లేస్తే మెగ్నీషియాన్ని తుప్పు త్వరగా తినేస్తుంది, కాబట్టి ఏడాది పొడుగునా వానలో, ఉప్పు గాలిలో తిరిగే కారుకు అది తగదు. కార్బన్ నార చక్రాలు గీసుకుంటే చాలాసార్లు మరమ్మతు ఉండదు, మొత్తం మార్చడమే.

మధ్యలో ఒకే నట్టుతో బిగించే సెంటర్ లాక్ చక్రాలు చూడ్డానికి అందంగా ఉంటాయి. పోర్షే కొత్త జీటీ కార్లలో ఆ నట్టును 600 న్యూటన్ మీటర్ల టార్కుతో బిగించాలి. మామూలు గ్యారేజీలో ఉండే టార్క్ రెంచి అంతదాకా పోదు. దూరప్రయాణంలో పంక్చరు పడితే దారిలో ఏ షాపూ చక్రాన్ని విప్పలేని పరిస్థితి రావచ్చు. ఎంచుకునే వీలుంటే రోజూ తిరిగే కారుకు ఐదు బోల్టుల చక్రమే తీసుకోండి.

టైర్లలో మిషెలిన్ కప్ 2 వంటి ట్రాక్ టైర్లు ఆప్షన్‌గా ఉంటే ట్రాక్ రోజుల ప్రశ్నకు మీరు రాసుకున్న జవాబు చూసుకోండి. అవి వేడెక్కితేనే పట్టు ఇస్తాయి. చలిలో, నిలిచిన నీటిలో జారతాయి. టైర్లు తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు కనుక అనుమానముంటే రోడ్డు టైర్లు రాయించండి. ఏ కంపెనీ టైర్లు వస్తాయన్నది సాధారణంగా మీ చేతిలో ఉండదు.

4. సీట్లు: కూర్చోకుండా ఖాయం చేయకండి

కార్బన్ బకెట్ సీటు (పక్కలు ఎత్తుగా, లోతుగా ఉండే రేసు సీటు) ఫొటోలో చూసి మోజుపడటం తేలిక. దానిలో కనీసం ఇరవై నిమిషాలు కూర్చోవాలి. తుంటి ఎముకలకు ఒత్తిడి తగులుతోందా, భుజాలు ముందుకు నొక్కుకుంటున్నాయా, ఎత్తైన పక్కలు దాటి కారు దిగడానికి ఇంట్లో పెద్దవారికి వీలవుతుందా చూడండి. చాలా బకెట్ సీట్లలో వీపు కోణం మార్చలేం. కొన్నిట్లో ఎత్తు మోటారుతో, ముందువెనకలు చేత్తో సర్దాలి. మెమరీ, మసాజ్, చల్లగాలి వంటివి పోతాయి. వెనక సీటు ఉన్న కారైతే ముందు సీటు మడవకపోతే వెనక్కి సంచి పెట్టడం కూడా కష్టమే.

సీటు ఎంపికతో ఇతర ఆప్షన్లకు లంకె ఉంటుంది. పోర్షే క్లబ్‌స్పోర్ట్ ప్యాకేజీలో వెనక బిగించే రోల్ కేజ్, డ్రైవరుకు ఆరు పట్టీల బెల్టు, మంటలార్పే సిలిండరు వస్తాయి. దానికి బకెట్ సీటు తప్పనిసరి. ఆరు పట్టీల బెల్టుకు సీటులోనే రంధ్రాలుండాలి కదా. సీట్లలో సైడ్ ఎయిర్‌బ్యాగులు, సెన్సర్లు ఉంటాయి కాబట్టి తర్వాత మార్చడం వైరింగుతో, భద్రతతో చెలగాటమే.

5. రంగు

ఇప్పుడు రంగు దగ్గరికి వద్దాం. తొందరపడొద్దు, ఇది వారాలు తీసుకునే పని.

ముందుగా పెయింటు రకం తెలియాలి. ఫ్యాక్టరీ పూత అంటే కింద తుప్పు ఆపే పొర, ప్రైమరు, రంగు, దానిపై క్లియర్ కోటు (రంగులేని పారదర్శకమైన పొర). లోహం మీద మొత్తం మందం మామూలుగా 100 నుంచి 180 మైక్రాన్లు. అందులో క్లియర్ కోటు 35–50 మైక్రాన్లే. పాలిష్ చేసిన ప్రతిసారీ తరిగేది ఆ పలచని పొరే అని గుర్తుంచుకోండి.

సాలిడ్ రంగులో మెరుపు రేణువులుండవు. ఏ వెలుగులోనైనా దాదాపు ఒకేలా కనిపిస్తుంది, దెబ్బ తగిలితే మ్యాచ్ చేయడం తేలిక. మెటాలిక్‌లో సన్నని అల్యూమినియం రేకులుంటాయి. అవి ఎటు తిరిగి పడుకున్నాయన్న దాన్నిబట్టి వెలుతురు తిరిగొస్తుంది. అందుకే వంపుల్లో ఒకవైపు తెల్లగా, మరోవైపు ముదురుగా మారి బాడీ గీతలు బాగా తెలుస్తాయి. అదే కారణంగా మరమ్మతులో మ్యాచ్ చేయడం కష్టం; అన్నిట్లోకీ మొండిది వెండి రంగు. స్ప్రే గన్ దూరం, కోణం మారినా ఛాయ మారిపోతుంది.

మూడు పొరల పెర్ల్, క్యాండీ రంగుల్లో కింద ఒక రంగు, మధ్యలో పారదర్శకమైన రంగు పొర, పైన క్లియర్ ఉంటాయి. మధ్య పొర మందం కాస్త మారినా రంగే మారుతుంది. అందువల్ల ఒక్క డోరు గీసుకుంటే పక్క ఫెండరు, వెనక ప్యానెల్ దాకా రంగు కలుపుకుంటూ వెళ్లాలి. నిస్సాన్ స్కైలైన్ ఆర్34 జీటీ-ఆర్ మీద వచ్చిన మిడ్‌నైట్ పర్పుల్ రంగులు నెమలికంఠం పట్టులా చూసే కోణాన్నిబట్టి ఊదా, ఆకుపచ్చ, రాగి ఛాయల్లోకి జారేవి. అలాంటివి అద్భుతంగా ఉంటాయి. అయితే ఆ కారును ముట్టుకునే పెయింటరు ఎవరో ముందే చూసుకున్నాకే ఎంచుకోవాలి.

మ్యాట్ రంగులు, అంటే బీఎండబ్ల్యూ ఫ్రోజెన్, మెర్సిడెస్ మాగ్నో వంటివి, వాటి క్లియర్ కోటు గరుకుదనం వల్లే మెరవవు. దాన్ని పాలిష్ చేస్తే ఆ చోట మెరుపు మచ్చ పడుతుంది, ఇక పోదు. గీత పడితే ప్యానెల్ అంతా మళ్లీ వేయాలి. మైనం, బ్రష్షుల కార్‌వాష్ రెండూ నిషిద్ధం. మ్యాట్ ఇష్టమైతే ఇంకో దారి ఉంది: మెరిసే పెయింటు ఆర్డరు చేసి, పైన శాటిన్ రకం పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్ అతికించుకోండి. చూపు దాదాపు అదే. గీతలు ఫిల్మ్ మీద పడతాయి. విసుగొస్తే ఊడదీయొచ్చు. కింద పెయింటు కొత్తగా ఉంటుంది. ఫ్యాక్టరీ మ్యాట్ కంటే ఈ పద్ధతే మాకు నచ్చుతుంది.

ఇక రంగు చూడటం ఎలా? స్క్రీన్ మీది రంగును నమ్మి ఆర్డరు ఇవ్వకండి. ప్రతి తెరదీ ఒక్కో ఛాయ, పైగా కంప్యూటర్ బొమ్మలో మెటాలిక్ రేకులు నిజంలా ఉండవు. డీలరు దగ్గర పెయింటు పూసిన లోహపు నమూనా ఉంటుంది. వంపు తిరిగిన నమూనా అడగండి. చదునుగా ఉన్నది మెటాలిక్ స్వభావం చెప్పదు. దాన్ని షోరూం బయటికి తెచ్చి నాలుగు వెలుగుల్లో చూడండి: మిట్టమధ్యాహ్నం ఎండ, మబ్బు, సాయంత్రం నీరెండ, రాత్రి దీపాలు. ఎండలో ముదురు నీలంగా మెరిసేది రాత్రి నలుపులా కలిసిపోవచ్చు. లేత బూడిద రంగు కొన్ని ఎల్‌ఈడీల కింద ఆకుపచ్చకో, ఊదాకో తిరుగుతుంది. చేతిలో పట్టిన చిన్న నమూనాలో అందంగా కనిపించే లేత రంగు కారంత వైశాల్యం మీద ఇంకా లేతగా, ఘాటైన రంగు ఇంకా ఘాటుగా కనిపిస్తుంది. అందుకే చివరి మాట ఆ రంగు వేసిన నిజమైన కారుదే. అదే మోడల్ దొరక్కపోయినా అదే కంపెనీ, అదే రంగు కోడ్ ఉన్న కారు చూడండి.

పేరు కాదు, కోడ్ చూడండి. పోర్షే ఒకే లేత బూడిద రంగును ఒకచోట క్రేయాన్ అంటుంది, అమెరికాలో చాక్ అంటుంది. ఒకే పేరుతో వేర్వేరు కాలాల్లో వేర్వేరు రంగులు కూడా వస్తుంటాయి.

రంగు కారు ఆకారాన్ని మారుస్తుంది. నలుపు, ముదురు నీలం గాలి రంధ్రాల్ని, కార్బన్ స్ప్లిటర్లని మింగేస్తాయి. పెద్ద రెక్క, లోతైన వెంట్లు ఉన్న కారులో ఆ పనంతా కనబడకుండా పోతుంది. తెలుపు, పసుపు, లేత ఆకుపచ్చల మీద నల్ల ముక్కలన్నీ విడివిడిగా తెలుస్తాయి. మధ్యస్థపు మెటాలిక్‌లు వంపులకు బాగుంటాయి. సూటిగా విరిగిన అంచులున్న కార్లకు సాలిడ్ రంగులు నప్పుతాయి. లాంబోర్గిని గాఢమైన ఆకుపచ్చలు, నారింజలు ఆ మొనదేలిన బాడీ మీద సహజంగా ఉంటాయి. అవే మెత్తని వంపులున్న పాతకాలపు ఆకారం మీద వేస్తే అరుస్తాయి.

కొన్ని రంగులకు చరిత్ర తోడుంటుంది. అంతర్జాతీయ పందేల్లో ఇటలీకి ఎరుపు, ఫ్రాన్సుకు నీలం, బ్రిటన్‌కు ఆకుపచ్చ, బెల్జియంకు పసుపు, జర్మనీకి ముందు తెలుపు, 1930లనుంచి వెండి. 1903లో గోర్డన్ బెన్నెట్ కప్ ఐర్లండ్‌లో జరిగినప్పుడు బ్రిటిష్ కార్లు ఆకుపచ్చ వేసుకున్నాయి. మెక్‌లారెన్ నారింజ 1960ల చివరి రేసు కార్లనుంచి వచ్చింది. చరిత్ర ఉన్న రంగు పాతబడదు, నిజమే. అయినా చరిత్ర కోసమని మీ కంటికి నచ్చని ఎరుపు తీసుకోకండి.

శుభ్రత సంగతి: నలుపు మీద గుడ్డ తుడిచిన గుండ్రటి గీతలు ఎండలో సాలెగూడులా కనిపిస్తాయి. ముదురు సాలిడ్ రంగులన్నిటికీ ఇది ఉంది. తెలుపు, వెండి, లేత బూడిద వీటిని బాగా దాస్తాయి. దుమ్ముకు మధ్యస్థపు బూడిద, లేత గోధుమ ఛాయలే మేలు. ఆరుబయట ఉంచే కారుకు ముదురు రంగు అంటే లోపలి వేడి కూడా పెరుగుతుంది.

ప్రత్యేక రంగు కావాలంటే పోర్షే పెయింట్ టు శాంపుల్, మెక్‌లారెన్ ఎంఎస్ఓ, లాంబోర్గిని అడ్ పెర్సోనమ్, ఫెరారీ టైలర్ మేడ్ వంటి విభాగాలున్నాయి. అప్పటికే పరీక్షించిన జాబితాలోని రంగైతే పని త్వరగా అవుతుంది. పూర్తిగా కొత్తదైతే లోహం మీద, ప్లాస్టిక్ బంపరు మీద, కార్బన్ మీద ఒకేలా కుదురుతుందో లేదో ఫ్యాక్టరీ పరీక్షించాలి, దానికి నెలలు పడుతుంది. తయారీ తేదీ వెనక్కి జరగవచ్చు. ఆర్డరు ఇచ్చేముందే మరమ్మతుకు ఆ రంగు దొరికే దారి, దాని ఫార్ములా లేదా టచప్ సీసా, రాయించుకోండి.

6. లోపలి రంగులు

డాష్‌బోర్డు పైభాగం ముదురుగా, మెరవకుండా ఉండాలి. ఇది అందం కంటే చూపుకు సంబంధించినది. ఎర్రటి, తెల్లటి, లేత గోధుమ రంగు డాష్ ఎండలో ముందు అద్దం మీద ప్రతిబింబించి రోడ్డును పొగమంచులా కప్పేస్తుంది. రెండు రంగుల లోపలి భాగం ఎంచుకుంటే పైన ఏది, కింద ఏది అని తప్పక అడగండి. కొన్నిసార్లు కాన్ఫిగరేటర్ బొమ్మ ఇది స్పష్టంగా చూపించదు.

సీట్లకు లేత తోలు తీసుకుంటే కొత్త జీన్స్ నీలం దానికి అంటుతుంది. మొదట పడేది డ్రైవరు సీటు బయటి అంచు మీద. అక్కడే రాసుకుని అరుగుదల కూడా మొదలవుతుంది. మధ్య భాగం లేతగా ఉన్నా అంచులు ముదురుగా ఉండే కలయిక తెలివైనది. స్వెడ్ తోలులా కనిపించే అల్కాంటారా నిజానికి తోలు కాదు, కృత్రిమ వస్త్రం. 68 శాతం పాలియెస్టర్, 32 శాతం పాలియురేథేన్. స్టీరింగ్ మీద చేతి జిడ్డుతో దాని నూగు అతుక్కుపోయి మెరుపు తేలుతుంది. వారానికోసారి మెత్తటి బ్రష్షుతో లేపాలి. ఆ ఓపిక లేకపోతే స్టీరింగ్‌కు తోలు, డాష్ పైభాగానికి, పైకప్పు లోపలికి అల్కాంటారా వేయించండి. అక్కడ చేతులు తగలవు, వెలుతురు ప్రతిబింబించదు.

మెరిసే నల్ల ప్లాస్టిక్ ఉన్నచోట వేలిముద్రలు, సన్నగీతలు తప్పవు. సెంటర్ కన్సోల్ మీద అది రాకుండా మరో ఆప్షన్ ఉంటే అదే రాయండి. కార్బన్ ట్రిమ్ కూడా మెరిసేదీ, మ్యాట్‌దీ రెండు రకాలుంటుంది.

రంగు బెల్టులు బయటినుంచి కూడా కనిపిస్తాయి. పసుపు, ఎరుపు బెల్టులు ఎండకు వెలుస్తాయి. లేతవైతే భుజం దగ్గర మాసిపోతాయి. కుట్టు దారం, బెల్టు, టాకోమీటరు ముఖం, సీటు మధ్యభాగం అన్నీ వేర్వేరు రంగులు పెట్టకండి. మొత్తం లోపలికి మూడు రంగులు చాలు, అందులో ఒకటి నలుపో బూడిదో అయితే ఇంకా మంచిది.

7. బయటి కలయిక సరిచూడటం

ఇప్పుడు రంగు, చక్రం, క్యాలిపర్ ఒకచోట పెట్టి చూడండి. కొన్ని కంపెనీల్లో క్యాలిపర్ రంగే బ్రేకు రకం చెబుతుంది: పోర్షేలో పసుపు అంటే సిరామిక్, ఎస్ మోడళ్ల ఇనుప బ్రేకులకు ఎరుపు. నారింజ కారుకు ఎర్ర క్యాలిపర్, ఎర్రకారుకు పసుపు క్యాలిపర్ పక్కపక్కన పోట్లాడతాయి. నలుపు క్యాలిపర్ ఆప్షన్ ఉంటే గొడవ తీరుతుంది. ట్రాక్ వేడికి ఎరుపు క్యాలిపర్లు నల్లబడి గోధుమరంగుకు తిరుగుతాయి, ఆ సంగతి ముందే తెలుసుకోండి. నల్ల చక్రాల్లో చువ్వల అందం నీడలో కలిసిపోతుంది. ముదురు కారుకు వెండి, శాటిన్ బూడిద, కంచు రంగు చక్రాలు ప్రాణం పోస్తాయి. ఇనుప డిస్కులు వానలో తడిస్తే రాత్రికి రాత్రే నారింజ తుప్పు పట్టి, మొదటి రెండు బ్రేకులకే శుభ్రపడతాయి. పలచటి చువ్వల చక్రాల్లోంచి అది కనిపిస్తుంది.

ఫెరారీ ముందు ఫెండర్ల మీది డాలు గుర్తు, పేరు లేని వెనక భాగం వంటి చిన్న ఎంపికలు ఆర్డరులోనే తేల్చాలి. అక్షరాలు తర్వాత ఊడదీస్తే కింద గుర్తులు, కొన్నిసార్లు రంధ్రాలు మిగులుతాయి.

8. కాగితం

డీలరు ఇచ్చే ఆర్డరు పత్రంలో ప్రతి అంశం పక్కన ఆప్షన్ కోడ్ ఉంటుంది. కాన్ఫిగరేటర్ నుంచి తీసిన మీ జాబితాను దాని పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే టిక్కు పెట్టండి. ఎక్కువగా జారేవి: కుట్టు రంగు, బెల్టు రంగు, ఇంధన ట్యాంకు సైజు, పైకప్పు లోపలి బట్ట, పేరు లేని వెనక భాగం. ఒక ఆప్షన్ ఎంచుకుంటే వేరొకటి తీసివేయబడిన చోట్లు మళ్లీ చూడండి. తేలిక ప్యాకేజీలు శబ్దం ఆపే పొరలను, వెనక సీటును, కొన్నిసార్లు ఆడియోను కూడా తీసేస్తాయి.

మూడు ప్రశ్నలకు రాతపూర్వక జవాబు తీసుకోండి. మార్పులకు చివరి తేదీ ఎప్పుడు? ఆ లోగా ధర మారితే ఎవరు భరిస్తారు? ఒక భాగం సరఫరా ఆగిపోతే ఫ్యాక్టరీ దాన్ని తీసేసి కారు కడుతుందా, మిమ్మల్ని అడుగుతుందా? మార్పు చెప్పిన ప్రతిసారీ కొత్త ఆర్డరు పత్రం మళ్లీ తెప్పించుకుని పూర్తిగా చదవండి. ఒక మార్పు నమోదు చేస్తూ ఇంకోటి చెరిపేయడం జరుగుతుంది.

9. డెలివరీ

కారు రాకముందే డీలరుకు ఒక ఉత్తరం రాయండి: కారును కడగవద్దు, పాలిష్ చేయవద్దు, స్టిక్కర్లు అంటించవద్దు. కొత్త కార్ల మీద గుండ్రటి గీతలు చాలావరకు పడేది డెలివరీకి ముందు హడావుడిగా తుడిచినప్పుడే. ముదురు రంగైతే ఇది ఇంకా ముఖ్యం.

చూడటం పగటిపూట, కారు పొడిగా ఉన్నప్పుడే. తడిగా ఉంటే గీతలు దాగిపోతాయి. బంపరుకూ ఫెండరుకూ మధ్య ఛాయ పోల్చండి. మెటాలిక్‌లో ప్లాస్టిక్ భాగాలకు వేరుగా పెయింటు వేస్తారు కనుక స్వల్ప తేడా ఉంటుంది. మూడడుగుల దూరంనుంచి కూడా కనిపిస్తే వెంటనే ఫిర్యాదు రాయండి. పెయింటు మందం మీటరుతో లోహపు ప్యానెళ్లన్నీ కొలవండి. ఒక్క ప్యానెల్ మాత్రమే మిగతావాటికంటే బాగా ఎక్కువ చూపిస్తే అక్కడ మళ్లీ పెయింటు పడినట్టు అనుమానించాలి. కార్బన్, ప్లాస్టిక్ ప్యానెళ్ల మీద మామూలు మీటరు పనిచేయదు, అల్ట్రాసోనిక్ రకం కావాలి. చక్రాల అంచులు, కుట్టు వరుస, సీటు కోడ్, టైర్ల తయారీ వారం కూడా చూడండి.

ఫిల్మ్ వేయించాలనుకుంటే కారును నేరుగా అక్కడికే తీసుకెళ్లండి. ఫ్యాక్టరీ పెయింటు ఓవెన్‌లో ఎక్కువ వేడి మీద గట్టిపడుతుంది కాబట్టి ఆగాల్సిన పని లేదు. మరమ్మతులో తక్కువ వేడి మీద ఆరబెట్టిన ప్యానెల్‌కైతే కొన్ని వారాలు ఆగాలి, లేకపోతే లోపలి ద్రావణం బయటికి రాలేక బుడగలు లేస్తాయి. ఫిల్మ్ మందం సాధారణంగా 150 నుంచి 200 మైక్రాన్లు, అంటే క్లియర్ కోటుకు నాలుగైదు రెట్లు. మొత్తం కారుకు వేయించలేకపోతే ముందు బంపరు, పూర్తి బానెట్, ముందు ఫెండర్లు, అద్దాల వెనకభాగం, వెనక చక్రాల ముందుండే వెడల్పు వంపులు అనే వరుసలో వెళ్లండి. వెనక ఇంజను కార్లలో ఆ చివరిదాన్ని చాలామంది మరిచిపోతారు. ముందు చక్రాలు విసిరే రాళ్లు పడేది సరిగ్గా అక్కడే.